గేజ్ లేకుండా టైర్ గాలి తగ్గించడం

మొయినాబాద్, చేవెళ్ల మీదుగా అనంతగిరి వైపు వెళ్తే తారు రోడ్డు మీద హాయిగా ఉన్న గాలే మొరం దారి రాగానే రాళ్ల మీద సైకిల్‌ని ఎగరేసి చేతులు తిమ్మిరెక్కిస్తుంది, రేసులో ఆగి గాలి ఒత్తిడి కొలిచే గేజ్ పెట్టి చూసే ఓపిక ఎవరికుంటుంది.

అందుకే ఇంట్లోనే ఒక్కసారి లెక్క పెట్టుకున్నా. గేజ్ ఉన్న ఫ్లోర్ పంపుతో తారు రోడ్డుకి సరిపోయే 45 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టి, వాల్వ్ పైకి వచ్చేలా చక్రం తిప్పి (లేకపోతే చిల్లులు పూడ్చడానికి టైరులో పోసే సీలెంట్ ద్రవం మొహం మీద చిమ్ముతుంది, నాకైంది), పిన్ను నొక్కి పట్టుకుని ఒకటి రెండు అని లెక్కపెడుతూ మొరం దారికి కావాల్సిన 32కి దిగడానికి ఎన్ని అంకెలు పట్టాయో చూశా, 7. మళ్లీ 45కి రావడానికి చిన్న పంపుతో 60 దెబ్బలు. ఈ రెండూ టేప్ ముక్క మీద రాసి హ్యాండిల్ కింద అంటించేశా.

ఇది 40 ఎంఎం ట్యూబ్‌లెస్, నా 70 కిలోల బరువు లెక్క, మీ టైరుకి, పంపుకి మీరే కొలుచుకోండి. లోపల ట్యూబ్ ఉంటే మాత్రం ఇంత తగ్గించొద్దు, రాయి అంచు తగిలితే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబ్ నలిగి రెండు చిల్లులు పక్కపక్కనే పడతాయి.