ఇంటి ఫైర్‌వాల్ కంప్యూటర్‌కి భాగాలు ఎలా ఎంచుకోవాలి?

ఫైర్‌వాల్ పెట్టె కట్టుకుందామనుకునేవాళ్ళు సాధారణంగా ప్రాసెసర్ వెతకడంతో మొదలుపెడతారు. మీరు మాత్రం నెట్‌వర్క్ చిప్‌తో మొదలుపెట్టండి. ఈ పెట్టెకి ఉన్న పనల్లా ఒక పోర్టులో వచ్చిన ప్యాకెట్లను (డేటా ముక్కలను) పరీక్షించి ఇంకో పోర్టులోంచి పంపడమే. ఆ పోర్టులు సరిగ్గా లేకపోతే ఎంత గొప్ప ప్రాసెసరూ కాపాడలేదు.

1. ముందు సాఫ్ట్‌వేర్ తేల్చుకోండి

పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్లు ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయి. ఇదే పనికి వాడే ఐపీఫైర్, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లినక్స్ మీద నడుస్తాయి. రెండిటి డ్రైవర్లూ (కార్డును నడిపే ప్రోగ్రాములు) వేరు కాబట్టి, లినక్స్‌లో చక్కగా పనిచేసిన కార్డు ఫ్రీబీఎస్‌డీలోనూ పనిచేస్తుందని అనుకోవద్దు. అటకమీది మరీ పాత కంప్యూటర్ తీస్తుంటే, ప్రాసెసర్ 64 బిట్‌దేనా అని కూడా చూడండి. పీఎఫ్‌సెన్స్ 2017లో వచ్చిన 2.4 వెర్షన్ నుంచే 32 బిట్‌ను వదిలేసింది.

2. పోర్టులు

కనీసం రెండు కావాలి: ఒకటి ఇంటర్నెట్ వైపు, ఒకటి ఇంటి వైపు. ఫ్రీబీఎస్‌డీ అయితే ఇంటెల్ చిప్‌లున్న కార్డులు వెతకండి. 1 గిగాబిట్‌కి ఐ210, ఐ350 ఏళ్ళ తరబడి నిలబడినవి. 2.5 గిగాబిట్ కావాలంటే ఐ226 చూడండి. దానికి ముందొచ్చిన ఐ225 తొలి విడతల్లో హార్డ్‌వేర్ లోపం ఉంది. రియల్‌టెక్ చిప్‌లు లినక్స్‌లో ఫర్వాలేదు కానీ, ఫ్రీబీఎస్‌డీలో చాలాసార్లు విడిగా డ్రైవర్ వేసుకోవాల్సి వస్తుంది.

నా మొదటి పెట్టెలో బోర్డుతో వచ్చిన పోర్టునే ఇంటర్నెట్ వైపు పెట్టాను. పగలంతా బాగుండేది. రాత్రి ఇంట్లో అందరూ ఒకేసారి వాడగానే కనెక్షన్ పడిపోయి, కాసేపటికి మళ్ళీ వచ్చేది. తప్పు లైనుదేననుకుని వారాలు పోగొట్టుకున్నాను. చివరికి లాగ్‌లో ‘వాచ్‌డాగ్ టైమౌట్’ అన్న వరుస, అంటే పోర్టు స్పందించడం ఆగిందన్న హెచ్చరిక, పదే పదే కనిపించింది. ఆ పోర్టు బదులు విడిగా ఒక కార్డు పెట్టాక ఆ బాధ తీరింది.

యూఎస్‌బీ అడాప్టర్లను ఈ పనికి వాడొద్దు. ఇంటెల్ పేరుతో నకిలీ కార్డులూ తిరుగుతుంటాయి, మరీ చవగ్గా దొరికితే అనుమానించండి. నాలుగు పోర్టుల కార్డు తీసుకునే ముందు బోర్డులో ఎక్స్4 లేదా అంతకన్నా పెద్ద స్లాట్ ఉందా, సన్న కేసైతే పొట్టి బ్రాకెట్ వస్తోందా చూడండి.

వైఫై కార్డు ఇందులో పెట్టకండి. ఆ పని విడిగా ఒక యాక్సెస్ పాయింట్‌కి (వైఫై ఇచ్చే పరికరానికి) వదిలేయండి.

3. ప్రాసెసర్

1 గిగాబిట్ లైనుకి ఇంటెల్ ఎన్100 లాంటి చిన్న నాలుగు కోర్ల ప్రాసెసర్ సరిపోతుంది. మీ కనెక్షన్ పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) అయితే జాగ్రత్త. ఫ్రీబీఎస్‌డీలో ఆ ట్రాఫిక్ భారం చాలావరకు ఒకే కోర్ మీద పడుతుంది కాబట్టి, కోర్ల సంఖ్య కన్నా ఒక్కో కోర్ వేగం ముఖ్యం. ఓపెన్‌వీపీఎన్, ఐపీసెక్ అనే వీపీఎన్‌లు వాడేవాళ్ళకి ప్రాసెసర్‌లో ఏఈఎస్-ఎన్ఐ (ఏఈఎస్ గూఢలిపిని వేగంగా నడిపే సదుపాయం) ఉండి తీరాలి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వేరే గూఢలిపి వాడుతుంది, దానికి ఇది అక్కర్లేదు.

4. మెమరీ, డిస్క్

పీఎఫ్‌సెన్స్‌లో ఒక్కో కనెక్షన్ వివరానికి సుమారు 1 కిలోబైటు పడుతుంది. లక్ష కనెక్షన్లున్నా దాదాపు 100 మెగాబైట్లే. మామూలు ఇంటికి 4 జీబీ చాలు, సురికాటా లాంటి, చొరబాట్లను పసిగట్టే సాఫ్ట్‌వేర్ నడిపితే 8 జీబీ పెట్టండి. డిస్క్‌గా చిన్న ఎస్‌ఎస్‌డీ చాలు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్ళను అమర్చే పద్ధతి) ఎంచుకుంటే, కరెంటు హఠాత్తుగా పోయినా అది పాడయ్యే భయం బాగా తగ్గుతుంది.

5. కరెంటు

ఇది రాత్రింబవళ్ళు వెలిగే పెట్టె. 60 వాట్లు తాగే పాత డెస్క్‌టాప్ ఏడాదికి సుమారు 525 యూనిట్లు లాగుతుంది. 10 వాట్ల చిన్న పెట్టెకి 88 లోపే. ఊరికే దొరికిందని పాతది పెట్టేముందు ఈ లెక్క వేసుకోండి.

6. ఇన్‌స్టాల్ చేసేముందు

లినక్స్ లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) బూట్ చేసి పీసీఐ పరికరాల, అంటే బోర్డుకి తగిలించిన కార్డులూ చిప్‌ల జాబితా తీయండి. పెట్టె మీద ఏం రాసున్నా, అసలు చిప్ ఏదో అక్కడ తెలుస్తుంది: ఇంటెల్ అయితే తయారీదారు సంఖ్య 8086. తర్వాత ఓపీఎన్‌సెన్స్‌ను లైవ్‌గా బూట్ చేసి అన్ని పోర్టులూ కనిపిస్తున్నాయా చూడండి. బయాస్‌లో కరెంటు తిరిగి రాగానే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగు పెట్టండి.

ఆఖరున ఐపెర్ఫ్ అనే ప్రోగ్రాముతో నెట్‌వర్క్ వేగం కొలవండి. ఫైర్‌వాల్ మీదే నడిపితే లెక్క తప్పుతుంది. దానికి అటొకటి, ఇటొకటి కంప్యూటర్ పెట్టి, మధ్యలోంచి కొన్ని గంటలు ట్రాఫిక్ పోనిచ్చి, అప్పుడు లాగ్ తెరవండి.