టెర్మినల్‌లో ఫైళ్లు సరిగా కాపీ కావడం లేదా? సమస్య - పరిష్కారం

లైనక్స్‌లో ఫైళ్లు కాపీ చేసే సీపీ (cp) కమాండ్ ఎర్రర్ ఇచ్చిందంటే టెన్షన్ అక్కర్లేదు, తప్పు ఎక్కడుందో అదే చెప్పేస్తుంది. ఏమీ అనకుండా తప్పుగా కాపీ చేసినప్పుడే అసలు తలనొప్పి. ముందు తేలికైనవి చూసేద్దాం.

"ఒమిటింగ్ డైరెక్టరీ" అని వస్తే మీరిచ్చింది ఫోల్డర్ అన్నమాట, సీపీ పక్కన -ఆర్ (-r) చేర్చండి, అంతే.

ఫైలు కళ్ల ముందే ఉన్నా "నో సచ్ ఫైల్" అంటోందా? పేరు మధ్యలో ఖాళీ ఉండి ఉంటుంది, మీ కమాండ్లు చదివే ప్రోగ్రామ్ (షెల్) దాన్ని రెండు పేర్లుగా చదువుతోంది. పేరు మొత్తం కోట్స్‌లో పెట్టండి. లేదా మొదటి అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి, మిగతాది అదే నింపుకుంటుంది.

"పర్మిషన్ డినైడ్" రాగానే చాలామంది సుడో (sudo, అంటే అడ్మిన్ హక్కులతో నడపడం) తగిలించేస్తారు. పని అవుతుంది, కానీ కొత్త ఫైలు రూట్ (అడ్మిన్) పేరు మీదకి పోతుంది, తర్వాత దాన్ని ఎడిట్ చేయబోతే మళ్లీ అదే ఎర్రర్. ముందు ఎల్ఎస్ -ఎల్‌డీ (ls -ld) కొట్టి గమ్యం ఫోల్డర్‌లో రాసే హక్కు మీకుందో లేదో చూడండి. ఇప్పటికే సుడోతో చేసేసి ఉంటే సీహెచ్‌ఓన్ (chown) కమాండ్‌తో ఓనర్‌ని మార్చుకోండి.

పెన్‌డ్రైవ్‌లో బోలెడు ఖాళీ ఉన్నా "ఫైల్ టూ లార్జ్" అంటే ఆ డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32, అందులో ఒక్కో ఫైలు 4 జీబీకి లోపే ఉండాలి. ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేయాలి, అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ముందు వేరేచోట దాచుకోండి.

ఇక నోరు మెదపని తప్పులు. కాపీ అంతా అయింది కానీ .ఎన్‌వ్ (.env), .గిట్ (.git) లాంటి దాగి ఉండే ఫైళ్లు, ఫోల్డర్లు రాలేదంటే కారణం మీరు వాడిన స్టార్ (*) గుర్తు, చుక్కతో మొదలయ్యే పేర్లను అది పట్టించుకోదు. "సీపీ -ఏ పాత/. కొత్త/" (-ఏ అంటే -a; పాత, కొత్త అన్నవి మీ ఫోల్డర్ల పేర్లు) అని రాస్తే అన్నీ వస్తాయి, తేదీలూ పర్మిషన్లూ కూడా మారవు.

"సీపీ -ఆర్ పాత కొత్త" మొదటిసారి బాగానే పనిచేసి, రెండోసారి 'కొత్త' లోపల ఇంకో 'పాత' పుట్టిందా? గమ్యం ఫోల్డర్ లేకపోతే ఆ పేరుతో తయారుచేస్తుంది, ఉంటే దాని లోపల పడేస్తుంది, అదీ సంగతి. దీనికి కూడా పైన చెప్పిన చుక్క పద్ధతే మందు.

పాత ఫైలు మీద అడక్కుండా రాసేయడం కూడా సీపీకి అలవాటే, -ఐ (-i) పెడితే అడుగుతుంది. పెన్‌డ్రైవ్‌కి కాపీ చేశాక ప్రాంప్ట్ తిరిగొచ్చిందని వెంటనే పీకేయకండి, డేటా ఇంకా మెమరీలోనే ఉండొచ్చు. ఆ డేటాని డ్రైవ్‌లోకి రాయించే సింక్ (sync) కొట్టి, అది పూర్తయ్యాక అన్‌మౌంట్ చేసి తీయండి. అయినా అనుమానంగా ఉంటే, అన్‌మౌంట్ చేసే ముందే డిఫ్ -ఆర్ (diff -r)తో రెండు ఫోల్డర్లూ పోల్చండి, ఏమీ ప్రింట్ కాకపోతే రెండూ ఒకటే.