పొగాకు వేలం సీజన్‌లో సర్వేకి వెళ్లేముందు, పేపర్ పంపేముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఒంగోలు, కొండపి, టంగుటూరు, కందుకూరు, పొదిలి వేలం కేంద్రాలు తెరిచే రోజులు దగ్గర పడ్డాయంటే, రైతుల అప్పులు, పొదుపు, రిస్కు మీద పనిచేసే పరిశోధక విద్యార్థులకూ సీజన్ మొదలైనట్టే. అమ్మకానికి ముందు చేతిలో డబ్బాడని రైతు, అమ్మకం అయ్యాక అదే రైతు. ఆర్థిక మనస్తత్వశాస్త్రానికి ఇంతకంటే మంచి పోలిక దొరకదు. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం తమిళనాడు చెరకు రైతులు 464 మందికి కోతకు ముందూ తర్వాతా పరీక్షలు పెట్టింది. డబ్బుకు కటకటలాడే రోజుల్లో వాళ్ల స్కోర్లు తగ్గాయని తేల్చింది. ఆ పద్ధతిని ఇక్కడ చేసి చూద్దామనుకోవడం మంచిదే. కాకపోతే పత్రిక నుంచి పేపర్ తిరిగొచ్చేలా చేసే తప్పుల్లో చాలావరకు మొదటి ఫారం నింపకముందే జరిగిపోతాయి. తర్వాత దిద్దుకోలేనివీ అవే.

అన్నిటికంటే ముందు ఎథిక్స్ కమిటీ (మనుషుల మీద చేసే పరిశోధనలను ముందే పరిశీలించే మీ సంస్థ కమిటీ) అనుమతి. దాని తేదీ సర్వే మొదలైన తేదీకి ముందుండాలి. అయిపోయిన సర్వేకి వెనక తేదీతో అనుమతి రాదు, అడగడమే తప్పు. కమిటీ ఎప్పుడంటే అప్పుడు కూర్చోదు కాబట్టి రెండు మూడు నెలల ముందే దరఖాస్తు పెట్టండి. తెలుగు ప్రశ్నావళి, తెలుగు సమ్మతి పత్రం, ఒక్కొక్కరికి ఎంత ఇస్తారు, పేర్లున్న కాగితాలు ఎవరి బీరువాలో ఉంటాయి, ఇవన్నీ జతచేయాలి. ఇంగ్లీషు ప్రశ్నావళి పెట్టి అనుమతి తెచ్చుకుని, ఊళ్లో తెలుగులో నోటికొచ్చినట్టు అడిగితే ఆ అనుమతి మీ సర్వేది కాదు.

అనుమతి చేతికొచ్చాక, సర్వేకి బయల్దేరకముందే పరిశోధన ప్లాన్‌ను తేదీతో సహా భద్రపరిచే ఓఎస్‌ఎఫ్, యాజ్‌ప్రెడిక్టెడ్ వెబ్‌సైట్లలో ఒకదానిలో మీ ప్లాన్ నమోదు చేయండి. ప్రధానంగా కొలిచేది ఏది, ఎంతమందిని అడుగుతారు, ఎవరి జవాబులు తీసేస్తారు, ఏ పరీక్షతో తేలుస్తారు అన్నది రాస్తే చాలు, ఒకటి రెండు పేజీలు. పదిహేను కొలతలు తీసుకుని, కలిసొచ్చిన ఒక్కదాన్నే పేపర్లో పెట్టే అలవాటు ఈ శాఖను చాలా దెబ్బతీసింది. 2015లో మనస్తత్వశాస్త్రంలో 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, గణాంకపరంగా నిలబడినవి 36 శాతమే.

ఎంతమంది అన్నది గాలిలో తేల్చకండి. రెండు గుంపుల మధ్య తేడా మధ్యస్థంగా, అంటే ప్రామాణిక విచలనంలో సగం ఉంటుందనుకుంటే గుంపుకు 64 మంది కావాలి. తేడా చిన్నదై ఆ విచలనంలో 0.2 వంతు దగ్గరుంటే 400కి దగ్గర పడుతుంది. ఇది 80 శాతం పవర్‌కి, అంటే తేడా నిజంగా ఉంటే నూటికి 80 సార్లు దాన్ని పట్టుకోగలగడానికి, లెక్క. ఊళ్లను విడదీసి ఒక ఊరికి ఒక పద్ధతి, ఇంకో ఊరికి ఇంకో పద్ధతి పెడితే ఈ సంఖ్య చాలదు, ఒక ఊరి రైతులు ఒకరినొకరు పోలి ఉంటారు. ఊరికి 20 మంది, ఆ పోలికను కొలిచే అంకె (సున్నా అంటే పోలికే లేదు, ఒకటి అంటే అందరూ ఒకటే) 0.05 అనుకుంటే అవసరమయ్యే సంఖ్య దాదాపు రెట్టింపు అవుతుంది. అంత డబ్బు, అన్ని రోజులు లేకపోతే ప్రశ్నను చిన్నది చేసుకోండి, మాదిరిని (శాంపిల్‌ను) కాదు.

ఇక ఫారం. వడ్డీ ఎంత అని అడిగితే రైతు “రెండు రూపాయలు” అంటాడు. నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. “వార్షిక వడ్డీ శాతం” అన్న గడిలో సర్వే కుర్రాడు 2 అని వేసి ముందుకు పోతాడు. పక్క గడిలో బ్యాంకు పంట రుణం 7 అని ఉంటుంది. ఫైల్లో చూస్తే ప్రైవేటు అప్పే చౌక! దాని మీద రైతు మనస్తత్వం గురించి ఒక తెలివైన సిద్ధాంతం పుట్టుకొస్తుంది. అందుకే గడి మీద “నూటికి నెలకు ఎన్ని రూపాయలు” అని రాయించండి, శాతంగా మార్చే పని కంప్యూటర్‌కి వదలండి. నెల్లూరు వైపు వరి రైతుల్ని కలుపుకుంటే దిగుబడి పుట్లలో చెబుతారు. అక్కడ పుట్టి అంటే 850 కిలోలు. జిల్లా దాటితే మళ్లీ అడిగి రాసుకోండి.

ఓపిక కొలిచే ప్రశ్న ఇంకా జాగ్రత్తగా పెట్టాలి. “ఈ రోజు 500 తీసుకుంటారా, నెల తర్వాత 550 తీసుకుంటారా” అంటే చాలామంది ఈ రోజే అంటారు. ఓపిక లేక కాదు, నెల తర్వాత మీరు మళ్లీ ఊళ్లోకి వస్తారన్న నమ్మకం లేక. రెండు చెల్లింపులనూ ముందుకు జరిపి “వారం తర్వాత 500, అయిదు వారాల తర్వాత 550” అని అడిగితే ఆ అనుమానం రెండు వైపులా సమానమవుతుంది. చెప్పిన రోజున చెప్పిన మొత్తం ఖాతాలో పడాల్సిందే. రిస్కు కొలవడానికి నాణెం ఎగరేసే ఆటలు పెడితే కొందరు ఆడవాళ్లు పేకాటతో సమానమని ఒప్పుకోరు. వాళ్లను “రిస్కుకు భయపడేవాళ్లు” గుంపులో వేయకండి, నిరాకరణకు వేరే కోడ్ పెట్టండి.

అబద్ధం చెప్పి చేసే ప్రయోగాల విషయంలో ఈ శాఖలో రెండు సంప్రదాయాలున్నాయి. మనస్తత్వశాస్త్రం వైపు అవసరమైతే ఒప్పుకుంటారు, అయిపోయాక అసలు సంగతి చెప్పాలన్న షరతుతో. ప్రయోగాత్మక అర్థశాస్త్రం వైపు అసలు ఒప్పుకోరు. ఎక్స్‌పెరిమెంటల్ ఎకనామిక్స్ పత్రిక అలాంటి పేపర్‌ను పరిశీలనకే తీసుకోదు. ఏ పత్రికకు పంపుతారో ముందే తేల్చుకోవాలనేది అందుకే. ఊళ్లో అయితే మా సలహా ఒక్కటే, అబద్ధం వద్దు. ఒకసారి మోసపోయామనుకున్న ఊరు తర్వాత వచ్చేవాళ్లనూ రానివ్వదు.

సమ్మతి అంటే సర్పంచ్ “కానీయండి” అనడం కాదు. ఎవరికి వాళ్లకు విడిగా చదివి వినిపించాలి. వేలిముద్ర వేయించుకుంటే మీ బృందంలో లేని సాక్షి సంతకం ఉండాలి. ఇది ప్రభుత్వ పథకం సర్వే కాదనీ, చెప్పకపోతే పోయేదేమీ లేదనీ మొదటి రెండు వాక్యాల్లోనే రావాలి. లేకపోతే కౌలు రైతు అప్పు పెంచి చెబుతాడు, పట్టా ఉన్న రైతు ఆదాయం తగ్గించి చెబుతాడు. వేలం కేంద్రంలో బేళ్ల పక్కన, కొనుగోలుదారు వింటుండగా ధర గురించి అడగకండి. పొదుపు సంఘం మీటింగులో చీటీల గురించి అస్సలు అడగొద్దు, ఇంట్లో తెలియని అప్పు అక్కడే బయటపడుతుంది. దిగులు, నిద్రలేమి లాంటి ప్రశ్నలుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ముద్రించిన చీటీ అందరికీ ఇవ్వండి, ఇబ్బందిలో ఉన్నట్టు కనబడినవాళ్లకి మాత్రమే కాదు.

డేటా బయటపెట్టేటప్పుడు పేరు తీసేస్తే సరిపోదు. “ఫలానా ఊరు, మహిళా రైతు, మూడు బ్యారన్లు (పొగాకు ఆరబెట్టే గదులు), 41 ఏళ్లు” అన్న వరుస చూస్తే ఆ ఊళ్లో ఎవరైనా మనిషిని గుర్తుపడతారు. ఊరు తీసి మండలం ఉంచండి, వయసును పదేళ్ల అంతరాల్లో వేయండి. డబ్బు ముట్టినట్టు తీసుకున్న రసీదుల కట్ట, జవాబుల ఫైలు ఒకే చోట ఉండకూడదు.

చెట్టుకింద కూర్చుని ఫారాలు నింపేసే సర్వేయర్లు ప్రతి సీజన్లో ఉంటారు. కోబో లాంటి యాప్‌లో ప్రతి ఫారానికీ మొదలు, ముగింపు సమయం పడుతుంది. 40 నిమిషాల ప్రశ్నావళి తొమ్మిది నిమిషాల్లో ముగిస్తే ఆ రోజే అడగండి. పదిమందిలో ఒకరికి మీరే ఫోన్ చేసి మూడు ప్రశ్నలు మళ్లీ వేయండి. అంకెల తీరు కూడా పట్టిస్తుంది. మనుషులు 500, 1000 అని గుండ్రంగా చెబుతారు, కల్పించిన అంకెలు అతి సమంగా పరుచుకుంటాయి. నిజాయితీ మీద 2012లో వచ్చిన ఒక ప్రసిద్ధ పేపర్ అలాగే దొరికిపోయింది. అందులో కార్లు నడిచిన మైళ్లు సున్నా నుంచి 50,000 దాకా సమానంగా పరుచుకుని, ఆ పైన ఒక్కటీ లేకుండా పోయాయి. 2021లో ఆ పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు.

పేపర్ పంపేముందు సిమిలారిటీ రిపోర్టు, అంటే మీ రాత ఇతరుల రాతలతో ఎంత శాతం కలుస్తుందో చెప్పే రిపోర్టు, తీయించండి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం దాకా శిక్ష లేదు. థీసిస్‌లో 40 దాటితే సవరించి ఇవ్వడానికి ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఇంగ్లీషు పేరాను తెలుగు చేసి పెడితే సాఫ్ట్‌వేర్‌కి చిక్కకపోవచ్చు, అయినా అది కాపీయే. రచయితల వరుస సర్వేకి ముందే కాగితం మీద రాసుకోండి. పని చేయనివాళ్ల పేరు, అది ఎంత పెద్దవాళ్లదైనా, అందులో ఉండకూడదు.

నమ్మదగ్గ పత్రికలంటూ యూజీసీ ఇచ్చే కేర్ జాబితా 2025 ఫిబ్రవరిలో ఆగిపోయింది కాబట్టి పత్రికను తూచి చూసే భారం మీ మీద, మీ విశ్వవిద్యాలయం మీద పడింది. మూడు రోజుల్లో అంగీకారం, వాట్సాప్‌లో ఫీజు, అన్ని శాస్త్రాలకూ ఒకే పత్రిక అంటే దూరం జరగండి. అసలు పత్రిక పేరుతో నకిలీ సైట్లూ ఉన్నాయి. పత్రికకు ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌ఎస్‌ఎన్‌ను అధికారిక పోర్టల్‌లో వెతికి అక్కడి చిరునామాతో పోల్చండి. పాత సంచికలోని రెండు డీఓఐలు (ఒక్కో వ్యాసానికి ఉండే శాశ్వత లింకులు) తెరిచి ఆ వ్యాసానికే పోతున్నాయో లేదో చూడండి. పొరపాటున పంపేసి ఉంటే, కాపీరైట్ ఫారం మీద సంతకం చేయకముందే వెనక్కి తీసుకుంటున్నామని మెయిల్ పెట్టండి, ఫీజు కట్టకండి. వాళ్ల నుంచి రాతపూర్వకంగా ఒప్పుకోలు వచ్చేదాకా అదే పేపర్ ఇంకో పత్రికకు పంపితే ఒకేసారి రెండు చోట్లకు పంపిన తప్పు మీదవుతుంది. జవాబే ఇవ్వకుండా నాన్చుతుంటే ఆ మెయిళ్లన్నీ దాచి, సంగతి వివరిస్తూ కొత్త పత్రిక ఎడిటర్‌కి ముందే రాసి అడగండి.