పాత ఓఎస్‌లోనూ మీ ప్రోగ్రామ్ తెరుచుకోవాలంటే ఎలా?

మన కంప్యూటర్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రామ్, వాడేవాళ్ల దగ్గర అసలు తెరుచుకోదు. టెన్షన్‌తో కోడ్ అంతా వెతుకుతాం. చాలాసార్లు తప్పు కోడ్‌లో ఉండదు, దాన్ని ఎక్కడ బిల్డ్ చేశామన్న (అంటే కోడ్‌ను నడిచే ఫైల్‌గా మార్చామన్న) దాంట్లో ఉంటుంది.

మొదటి పని: ఏ ఓఎస్‌లో ఎంత పాత వెర్షన్ దాకా సపోర్ట్ ఇస్తారో ముందే రాసిపెట్టుకోండి. మీ టూల్స్ దానికి ఒప్పుకోవాలి. విండోస్ 7 కూడా కావాలంటే గో భాషలో 1.20 దగ్గర, పైథాన్ అయితే 3.8 దగ్గర ఆగిపోవాలి.

తర్వాత బిల్డ్. ఎక్కువమంది దెబ్బతినేది లినక్స్‌లోనే. నేనూ తిన్నాను. ఉబుంటు 22.04లో రెండు లైన్ల సీ ప్రోగ్రామ్ బిల్డ్ చేసి 20.04లో నడపండి. సీ ప్రోగ్రామ్‌లు ఆధారపడే మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.34 లేదని చెప్పి ఆగిపోతుంది. కొత్త ఫంక్షన్ ఏదీ వాడలేదు కదా అనిపిస్తుంది. కానీ మెయిన్‌ను పిలిచే స్టార్టప్ ఫంక్షన్‌కే 2.34లో కొత్త వెర్షన్ ముద్ర పడింది. 20.04లో ఉన్నది 2.31. పాతదాని మీద బిల్డ్ చేస్తే కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద చేస్తే పాతదాని మీద నడుస్తుందన్న నమ్మకం లేదు. అందుకే మీరు సపోర్ట్ ఇచ్చే అతి పాత డిస్ట్రో (ఉబుంటు లాంటి లినక్స్ రకం) కంటైనర్‌లోనే, అంటే దాని ఫైళ్లతో విడిగా నడిచే వాతావరణంలోనే, బిల్డ్ చేయండి. బిల్డ్ అయిన ఫైల్ లోపలి వివరాలు చూపే ఆబ్జ్‌డంప్ టూల్‌తో ఫైల్ ఏ జీలిబ్‌సీ వెర్షన్లు అడుగుతోందో రిలీజ్‌కు ముందు చూసుకోండి.

మ్యాక్‌లో ఇంత కష్టం లేదు. ఎస్‌డీకే (ప్రోగ్రామ్ తయారీకి ఆపిల్ ఇచ్చే కిట్) కొత్తదే ఉంచి, డిప్లాయ్‌మెంట్ టార్గెట్‌ను, అంటే ప్రోగ్రామ్ నడవాల్సిన కనీస వెర్షన్ సెట్టింగ్‌ను, పాత వెర్షన్‌కు పెట్టండి. కొత్త ఫంక్షన్లను, ఆ వెర్షన్ ఉందో లేదో చూసే 'అవైలబుల్' చెక్ లోపలే పిలవండి.

విండోస్‌లో వెర్షన్ నంబర్‌ను నమ్ముకోవద్దు. మానిఫెస్ట్‌లో (ప్రోగ్రామ్‌తో పాటు ఉండే వివరాల ఫైల్‌లో) కొత్త విండోస్‌ల పేర్లు చేర్చకపోతే, 8.1 నుంచి వెర్షన్ చెప్పే గెట్‌వెర్షన్‌ఎక్స్ ఫంక్షన్ 6.2 (విండోస్ 8 నంబర్) అనే చెబుతుంది. విండోస్ 11 కూడా తనను 10.0 అనే చెప్పుకుంటుంది, తేడా తెలిసేది 22000 నుంచి మొదలయ్యే బిల్డ్ నంబర్‌తోనే. అందుకే వెర్షన్ ఎంతని కాదు, కావలసిన ఫంక్షన్ ఉందా అని అడగండి. ఉదాహరణకు, విండో ఉన్న స్క్రీన్ డీపీఐ చెప్పే గెట్‌డీపీఐఫర్‌విండో ఫంక్షన్ విండోస్ 10 వెర్షన్ 1607లో వచ్చింది. దాన్ని నేరుగా లింక్ చేస్తే విండోస్ 7లో ప్రోగ్రామ్ మొదలే కాదు. ప్రోగ్రామ్ నడుస్తుండగా ఫంక్షన్‌ను వెతికిపెట్టే గెట్‌ప్రాక్‌అడ్రస్‌తో వెతికి, దొరక్కపోతే పాత పద్ధతికి వెళ్లండి.

వెర్షన్లు పోల్చక తప్పకపోతే అంకెలుగా పోల్చండి. స్ట్రింగులుగా పోలిస్తే 10 కన్నా 9 పెద్దదవుతుంది!

ఇక టెస్టింగ్. అతి పాత వెర్షన్‌తో, డెవలపర్ టూల్స్ ఏవీ లేని వర్చువల్ మెషీన్ ఒకటి ఉంచుకోండి. ప్రోగ్రామ్ నడవడానికి కావలసిన రన్‌టైమ్ ఫైల్ ప్యాకేజీలో పెట్టడం మరచిపోతే అక్కడే బయటపడుతుంది.

సపోర్ట్ లేని ఓఎస్ అయితే ఆ మాట చెప్పాల్సింది ఇన్‌స్టాలర్. లోడ్ కాని ప్రోగ్రామ్ తన మెసేజ్ తాను చూపించలేదు.