అద్దె కట్టలేకపోతున్న వారిని ఖాళీ చేయమని చెప్పడం ఎలా?

ముందు ఒకటి తేల్చుకోండి. మీకు ఇల్లే కావాలా, అద్దె సరిగ్గా వస్తే చాలా? అద్దె చాలనుకుంటే, జీతం పడే రోజును బట్టి గడువు మార్చడం, రెండు విడతలుగా తీసుకోవడం వంటివి ప్రయత్నించండి. అవి కుదరవని తేలాకే కిందివి.

సమస్య: ఫోన్ ఎత్తరు, ఎదురుపడితే తప్పుకుంటారు

కారణం: చాలాసార్లు ఇది ఎగవేత కాదు, మొహం చెల్లకపోవడం.

పరిష్కారం: పదేపదే ఫోన్లు ఆపి ఒక్క మెసేజ్ పెట్టండి: "బకాయి గురించి నిలదీయడానికి కాదండీ. ఇకముందు ఏం చేద్దామో కూర్చుని మాట్లాడుకుందాం. మీకు ఎప్పుడు వీలవుతుంది?" పిల్లల ముందు, మెట్ల మీద, పక్కింటివాళ్లకు వినపడేలా ఈ మాట ఎత్తకండి.

సమస్య: "చేస్తామండీ" అంటారు, నెలలు గడుస్తున్నాయి

కారణం: రెండు ఉంటాయి. "వీలు చూసుకుని ఖాళీ చేయండి" అని మీరే మొహమాటంగా అని ఉంటారు. అందులో తేదీ లేదు, కాబట్టి వాళ్లు దాన్ని గడువుగా తీసుకోలేదు. రెండోదే అసలు ముడి: కొత్త ఇంటికి అడ్వాన్స్ కట్టడానికి వాళ్ల దగ్గర డబ్బు లేదు. పాత అడ్వాన్స్ మీ దగ్గరే ఉంది.

పరిష్కారం: మాట మెత్తగా, తేదీ గట్టిగా ఉండాలి. "మీ ఇబ్బంది నాకు తెలుసు. కానీ ఇంకా ఇలా నెట్టుకురాలేను. ఫలానా తేదీకి ఇల్లు ఖాళీ చేయాలి. మారడానికి ఏం సాయం కావాలో చెప్పండి." ఆ తేదీ అగ్రిమెంట్‌లోనూ మీ ప్రాంత చట్టంలోనూ ఉన్న నోటీసు గడువుకు తగ్గకూడదు. ఆ రోజుకల్లా ఖాళీ చేస్తే బకాయిలో కొంత వదులుకుంటాననో, తాళాలు ఇచ్చిన రోజే కొంత చేతికిస్తాననో చెప్పండి. నష్టమనిపిస్తుంది గానీ, కోర్టు ఖర్చు, ఆ లోపు రాని అద్దె కలిపి చూస్తే తరచు ఇదే చవక. డబ్బు మాత్రం సామానంతా వెళ్లాకే. ఒప్పుకున్నదంతా కాగితం మీద పెట్టి ఇద్దరూ సంతకం చేయండి.

"ఇల్లు మాకే కావాలి" అని అబద్ధం ఆడకండి. వారం తిరక్కుండా టు-లెట్ బోర్డు కనిపిస్తే పరువు పోతుంది, కొన్ని చోట్ల చట్టపరంగానూ చిక్కే.

సమస్య: నోటీసు గడువు అయ్యాక కొంత డబ్బు పంపారు

కారణం: మామూలు అద్దెలాగే తీసుకుంటే, మీరు నోటీసును వదులుకున్నారని వాదించే వీలు చాలా చోట్ల ఉంది.

పరిష్కారం: తీసుకునే ముందే లాయర్‌ని అడగండి. ఏ పద్దు కింద తీసుకుంటున్నారో రసీదులో స్పష్టంగా రాయండి.

సమస్య: తేదీ దాటినా కదలడం లేదు

పరిష్కారం: లాయర్ నోటీసు, ఆ తర్వాత కోర్టు. కోపంలో కరెంటు, నీళ్లు ఆపడం, తాళం మార్చడం, సామాను బయట పెట్టడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. బకాయి పడింది వాళ్లయినా కేసు మీ మీదకే తిరుగుతుంది.

ఖాళీ చేసే రోజు

ఇద్దరూ కలిసి గదులన్నీ చూసి ఫొటోలు తీయండి, మీటర్ రీడింగ్ రాసుకోండి, అడ్వాన్స్ లెక్క అక్కడే తేల్చండి. వాళ్లు చేరబోయే ఇంటి ఓనర్ ఫోన్ చేసి అడిగితే ఉన్నదే చెప్పండి: అద్దె ఆలస్యమైంది, ఇల్లు మాత్రం శుభ్రంగా అప్పగించారు.