పాత పైథాన్‌కు సపోర్ట్ తీసేసే ముందు

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో 3.9 వెర్షన్‌కు ఫిక్సులు ఇచ్చే గడువు 2025 అక్టోబర్‌తో ముగిసింది. 3.10 వంతు 2026 అక్టోబర్‌లో వస్తుంది. ఏటా ఒక వెర్షన్ ఇలా రిటైర్ అవుతుంది కాబట్టి, ఓపెన్ సోర్స్ లైబ్రరీ నడిపేవాళ్లకు పాత వెర్షన్‌కు సపోర్ట్ తీసేయడం ఏడాదికోసారి తప్పని పని. ఎప్పుడు తీసేయాలన్నదానిపై వాదనలు చాలా జరుగుతాయి. లెక్కల లైబ్రరీ నంపై లాంటి ప్రాజెక్టులు ఒక వెర్షన్‌ను దాని గడువు ముగియకముందే వదిలేస్తాయి, కొందరు చివరిదాకా ఆగుతారు. ఎప్పుడు తీసినా ఫర్వాలేదు గానీ, తీసే తీరులో తప్పు జరిగితే మాత్రం టెన్షన్ తప్పదు.

ముందుగా చూసుకోవాల్సింది లైబ్రరీ వివరాలుండే పైప్రాజెక్ట్ ఫైల్‌లో, ఏ పైథాన్ వెర్షన్లు కావాలో చెప్పే రిక్వైర్స్-పైథాన్ లైన్. పాత పైథాన్‌లో ఎవరైనా ఇన్‌స్టాల్ చేస్తే, లైబ్రరీలను ఇన్‌స్టాల్ చేసే టూల్ పిప్ ఆ లైన్ చూసి వాళ్లకు సరిపడే చివరి రిలీజ్ ఇస్తుంది. 2016లో వచ్చిన పిప్ 9 నుంచి ఈ ఏర్పాటు ఉంది. నేనోసారి సీఐలో (టెస్టులు తమంతట తామే నడిచే ఏర్పాటులో) పాత వెర్షన్ టెస్టులు తీసేసి, కోడ్‌లో 3.10తో వచ్చిన మ్యాచ్ స్టేట్‌మెంట్ వాడి, ఈ లైన్ మాత్రం మార్చడం మర్చిపోయాను. టెస్టులన్నీ పాస్! రిలీజ్ చేసిన రాత్రే పాత పైథాన్‌లో సింటాక్స్ ఎర్రర్ అంటూ ఇష్యూలు (ఫిర్యాదులు) వచ్చిపడ్డాయి.

వెంటనే లైన్ సరిచేసి ఇంకో రిలీజ్ వదిలాను. పాత పైథాన్ వాళ్లకు ఎర్రర్ అలాగే ఉంది. పిప్ కొత్తదాన్ని పక్కనబెట్టి ఒక మెట్టు వెనక్కి దిగుతుంది, అక్కడ లైన్ మార్చని ఆ పాడు రిలీజే ఉంది మరి. పిప్ లైబ్రరీలను తెచ్చుకునే చోటైన పైపీఐలోకి ఎక్కించిన ఫైల్ మెటాడేటాను (ఈ లైన్ లాంటి వివరాలను) తర్వాత మార్చలేం. ఆ రిలీజ్‌ను యాంక్ చేయడమే దారి. యాంక్ చేస్తే దాన్ని పిప్ మామూలుగా ఎంచుకోదు, సరిగ్గా అదే వెర్షన్ నంబర్ రాసుకున్నవాళ్లకు మాత్రం ఇస్తుంది.

ఇదే కారణంతో ఆ లైన్‌లో పై హద్దు కూడా పెట్టొద్దు. 3.14 కంటే తక్కువే ఉండాలని ఈరోజు రాస్తే, 3.14 వాడేవాళ్ల కోసం పిప్ ఆ హద్దు లేని ఏదో పాత రిలీజ్‌ను తవ్వి తీస్తుంది.

పాత వెర్షన్‌కు పనిచేసే చివరి రిలీజ్‌ను తీరిగ్గా చేయండి. పెండింగ్‌లో ఉన్న బగ్ ఫిక్సులు అందులో కలిపేయండి. ఆ తర్వాతే లైన్ మార్పు, సీఐ మార్పు ఒక పీఆర్‌గా (పుల్ రిక్వెస్ట్, అంటే కోడ్‌లో కలపమని పంపే మార్పు), పాత కోడ్‌ను కొత్త తీరుకు మార్చే టూల్ పైఅప్‌గ్రేడ్‌తో చేసే కోడ్ శుభ్రం ఇంకో పీఆర్‌గా పెట్టండి. రెండూ కలిపేస్తే, ఏదైనా విరిగినప్పుడు వెనక్కి తీసుకోవడం నరకం.

వెర్షన్ నంబర్ సంగతా? మేజర్ (మొదటి అంకె) పెంచాలా, మైనర్ (రెండో అంకె) చాలా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. నా మటుకు మైనర్ చాలు. మూడో అంకె మాత్రమే మారే ప్యాచ్ రిలీజ్‌లో మాత్రం ఎప్పుడూ చేయకండి.

డౌన్‌లోడ్ లెక్కలు చూసి బెదరొద్దు, మురిసిపోనూ వద్దు. వాటిలో సీఐ మెషీన్లు పదేపదే దించుకునేవీ కలిసి ఉంటాయి. అలాగని గడువు ముగిసిన వెర్షన్‌ను ఎవరూ వాడట్లేదనీ అనుకోకూడదు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9లో డిఫాల్ట్‌గా వచ్చేది 3.9నే, దానికి సెక్యూరిటీ ఫిక్సులు వాళ్లే ఇచ్చుకుంటారు. అలాంటివాళ్లు ఏ రిలీజ్ దగ్గర ఆగాలో నంబర్‌తో సహా రీడ్‌మీలో, చేంజ్‌లాగ్‌లో రాసిపెట్టండి. ఆ పాత రిలీజ్‌కు ఫిక్సులు ఇస్తామని మాత్రం, ఓపిక లేకపోతే, రాయకండి.