హిజ్రాల చరిత్రకు లేబుల్ రాసేటప్పుడు

హైదరాబాద్ హిజ్రాల చరిత్రకు మ్యూజియంలో ఒక గది కేటాయిస్తే, ఎక్కువ తప్పులు దొర్లేది లేబుళ్లలోనే. అందులోనూ మొదటి చిక్కు క్రియతో. తెలుగులో సర్వనామం మార్చినంత మాత్రాన పని అయిపోదు, క్రియ చివర లింగం బయటపడుతుంది. ‘పాడాడు’ అంటే మగవాణ్ని చేసేసినట్టే. ‘పాడింది’ ఆడవారికీ, వస్తువుకీ ఒకటే. పేరు గానీ ‘ఆమె’ గానీ లేకుండా వాడితే ‘అది’ అన్నట్టు వినిపిస్తుంది, ఎగతాళికి వాడే మాటా అదే. బతికున్నవారిని అడిగి, వారు చెప్పిన రూపమే రాయండి. అడిగే వీలులేని పాత ఫొటోలకు ‘వారు, పాడారు’ చాలు. పుట్టినప్పటి పేరు వారు ఇవ్వకపోతే వెతికి మరీ పెట్టొద్దు.

పాత కేటలాగులో అవమానకరమైన శీర్షిక ఉంటే చెరిపేయకండి. ‘మూల శీర్షిక’ గడిలోకి మార్చి, గోడ మీదికి కొత్తది రాయండి. చెరిపేస్తే తర్వాత పరిశోధకులు వెతికినా ఆ వస్తువు దొరకదు.

చట్టాల దగ్గర మరో పొరపాటు జరుగుతుంది. హిజ్రాలను కూడా రిజిస్టరుకెక్కించిన 1871 నేరస్థ తెగల చట్టం బ్రిటిష్ ఇండియాది. నిజాం రాజ్యపు కాగితాల పక్కన దాన్ని కారణంగా చూపకూడదు. ఇక్కడ వచ్చింది నిజాం రాజ్యపు లెక్కలో 1329 ఫసలీ సంవత్సరం, అంటే 1919 నాటి వేరే చట్టం. దాని ప్రకారం నగరంలో రిజిస్టరుకెక్కినవారు ఆడబట్టల్లో, నగలతో వీధిలో కనిపించినా, ఆడినా, వాయించినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దీన్ని కొట్టేసింది. రెండు తేదీలనూ ఒకే పలక మీద ఉంచండి, మధ్య దూరాన్ని చూసేవారే లెక్కేసుకుంటారు. ఆ చట్టం వాడిన ‘యూనక్’ (నపుంసకుడు) అన్న మాటను కొటేషన్ గుర్తుల్లోనే ఉంచాలి. 1919 నాటి మనిషికి ‘ట్రాన్స్‌జెండర్’ అన్న నేటి పేరు తగిలించడమూ సరికాదు.

గది మొదట్లోనే అర్ధనారీశ్వరుడినో బృహన్నలనో పెట్టాలని చాలామందికి సరదా. మాకైతే నచ్చదు. బృహన్నలది అజ్ఞాతవాసపు ఏడాది వేషం, ఇక్కడున్నది జీవితం. పెట్టాలనుకుంటే చివర్లో, ఆ తేడా చెప్పి పెట్టండి. చీరలు, డోలక్‌లతోనే గది నింపితే పెళ్లిళ్లలో పాడేవాళ్లే హిజ్రాలన్న పాత బొమ్మే మిగులుతుంది. రేషన్ కార్డు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల 2019 చట్టం కింద జిల్లా మేజిస్ట్రేట్ ఇచ్చే గుర్తింపు పత్రం, మూడో లింగాన్ని గుర్తించిన 2014 సుప్రీంకోర్టు తీర్పు ప్రతి కూడా చేర్చండి. కార్డుల్లో నంబరు, చిరునామా కప్పేయాలి.

అనుమతి పత్రం ఒక్కటి చాలదు. గదిలో ప్రదర్శన, ఆన్‌లైన్, పుస్తకంలో ముద్రణ, మూడింటికీ వేర్వేరు సంతకాలు తీసుకోండి. చదవలేనివారికి వినిపించి, ఒప్పుకోలు రికార్డు చేయండి. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని అందులోనే రాయాలి. గురువు ఒప్పుకుంటే చేలాలు (శిష్యులు) ఒప్పుకున్నట్టు కాదు.

కాగితాలు, ఫొటోలు, బట్టల మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటకుండా చూడండి. ఆ మసకలో చిన్న అక్షరాల వత్తులు కలిసిపోతాయి, అందుకే తెలుగు లేబుల్‌ను ఇంగ్లీషు కన్నా పెద్ద అక్షరాల్లో, వరుసల మధ్య ఎక్కువ ఖాళీతో అచ్చువేయించి, ఆ వెలుతురులోనే చదివి చూడండి.

ప్రారంభానికి ముందు ద్వారం దగ్గరి సిబ్బందితో మాట్లాడండి. తనిఖీకి ఆడవారి వరుసా, మగవారి వరుసా అన్నది వచ్చినవారినే అడగాలి. టాయిలెట్ సంగతీ అంతే.